చేపలు పడేసిన కంప్యూటర్

ఏవండీ, డ్యూటీకి వెళ్తున్నాను. కంప్యూటర్‌ని షాపుకి మోసుకెళ్లకండి, బాగుచేశాను.

లాగిన్ దగ్గర నిమిషం ఊరుకుంటే మీ చేపల స్క్రీన్ సేవర్ వస్తుంది. ఆ ఫైలు పాడైంది, చేపలు రాగానే అంతా ఆగిపోతోంది. మీరేమో ఆన్ చేసి, కళ్లద్దాల కోసం ఇల్లంతా గాలించి వచ్చేసరికి ఆ నిమిషం కాస్తా అయిపోతోంది. సేఫ్ మోడ్‌లో తెరిచి చేపల్ని పీకేశాను. ముచ్చటపడి మళ్లీ ఎక్కించకండి.

అన్నట్టు, పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీలో చూశాను. నా పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా! ఇరవై రెండేళ్లుగా మీ నోట "ఇదిగో", "ఏమోయ్" తప్ప వినలేదు. సాయంత్రం తలుపు తీసేటప్పుడు ఓసారి ఆ పేరు పెట్టి పిలవండి. దానికి కళ్లద్దాలు అక్కర్లేదు.