బొమ్మకెక్కని మన ఊరు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న మీ మరిదీ నేనూ హ్యూస్టన్ నుంచి లూసియానాకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. అక్కడ మ్యూజియంలో గోడంతా ఒకటే బొమ్మ. అకేడియన్లని, పూర్వం కెనడా వైపు ఫ్రెంచి రైతులుండేవాళ్ళట. బొమ్మలో ఇంగ్లీషు సైనికులు వాళ్ళ ఊళ్ళు ఖాళీ చేయించి, బలవంతంగా ఓడలెక్కిస్తున్నారు. అలా చెదిరిపోయినవాళ్ళలో చాలామంది చివరికి ఈ లూసియానాకే చేరారట. ఒకామె దుప్పటి మూటతో వెనక్కి తిరిగి చూస్తోంది.

నా పక్కనున్న పెద్దావిడ మనవరాలికి ఆమెని చూపించి, "వీళ్ళే మనవాళ్ళు" అంది గర్వంగా.

నాకు ఒళ్ళు మండింది. డ్యామ్ కోసం మన ఊరు ముంచేసినప్పుడు నువ్వూ నన్ను చంకనేసుకుని, వెనక్కి చూస్తూనే లారీ ఎక్కావట కదా. మనల్నెవరు గీశారు?

ఆవిడ నవ్వుతూ, "మీదే ఊరు?" అని అడిగింది.

"కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు నీళ్ళ కింద ఉంది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో! ఎలా ఉండేది?"

నాకప్పుడు మూడేళ్ళు. మన వీధీ, ఇల్లూ అన్నీ నీకే గుర్తు. నిన్నడుగుదామని అలవాటుగా ఫోన్ తీశాను. తీసి, మళ్ళీ బ్యాగ్‌లో పెట్టేశాను.

ఆవిడ మంచిదే. అయినా ఇంకా కుళ్ళుగానే ఉందక్కా.

నీ చెల్లి