ఒంటె కింద వినయ్ నగర్

నోయిడా,
12 అక్టోబరు 2025, ఆదివారం.

పూజ్యురాలైన అన్నపూర్ణక్కయ్యకి,

తమ్ముడు రాధాకృష్ణమూర్తి నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ అందరం క్షేమం. నా ఎడమ మోకాలు మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది నాతో పొసగక వేరు కాపరం పెట్టుకుంది. పిఠాపురంలో నువ్వూ, నీ చెవి మిషనూ కుశలమని తలుస్తాను. ఉత్తరమెందుకు తాతా, ఫోన్ కర్ లో నా, అంటుంది మనవరాలు వాసవి. ఫోన్ చేస్తే నేను చెప్పినంతసేపూ ఊఁ కొట్టి, ఆఖర్న ఇంతకీ ఎవరు మాట్లాడేదీ అంటావని దానికేం తెలుసు!

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నువ్వు అప్పజెప్పిన పని నావల్ల కాలేదు. ఎందుకు కాలేదో వింటే నీకు నా మీద జాలి కలుగుతుంది, లేదా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

నువ్వు చెప్పిందే ఒకసారి నీకు అప్పజెబుతాను, తప్పుంటే దిద్దుకో. కార్తీకమాసంలో హరిద్వారం వెళ్తూ దారిలో మా ఇంట్లో దిగుతావు. నేను నిన్ను కుతుబ్‌మినారుకీ, అక్షరధామ్‌కీ తిప్పక్కర్లేదు. బారసాలైనా కాకుండా పోయిన మన చిన్న తమ్ముణ్ణి నాన్న ఎక్కడ పూడ్చిపెట్టాడో, ఆ చోటు చూపిస్తే చాలు. వాడికి పేరు లేదు, ఫోటో లేదు, తద్దినం లేదు. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు, నాకు ఆరు. అమ్మ పురిటి మంచం మీద ఉంది. నాన్నా, ఆయన ఆఫీసు స్నేహితుడు ఉమాశంకర్ గారూ వాణ్ణి తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి కుళాయి కింద స్నానం చేశారు. ఎక్కడండీ అని అడిగింది అమ్మ. నాన్న మాట్లాడలేదు. తలుపు పక్కన నిలబడి నువ్వు అంతా చూశావు.

ఆ రోజు నుంచీ నాన్న మీద నీకున్న కోపం నాకు తెలుసు. మీ ఇంట్లో అమ్మ ఫోటో దేవుడి గూటి పక్కన ఉంటుంది, నాన్న ఫోటో హాల్లో తలుపు వెనక ఉంటుంది. తలుపు తీసి ఉన్నంతసేపూ నాన్న కనపడడు. పల్లెత్తు మాట అనకుండా నువ్వు వేసిన శిక్ష అది. బిడ్డ ఎక్కడున్నాడో తెలీకుండానే అమ్మ పోయిందిరా, నేనైనా చూసి పోతాను అన్నావు. సరే, వెతుకుతానన్నాను.

మొదలు బాగానే పడింది. వాసవి గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తోంది కదా, అక్కడొక మాల్‌లో పాతకాలం పట్టణాల పటాలు మళ్ళీ అచ్చువేసి అమ్మే దుకాణం ఉంది. వాటిని కొనేవాళ్ళు దారి తెలుసుకుందామని కొనరు, సోఫా వెనక గోడ బోసిగా ఉందని కొంటారు. యాభై ఆరో సంవత్సరం నాటి ఢిల్లీ పటం తెచ్చి నా ముందు పరిచింది. నేను భూతద్దం పుచ్చుకుని దాని మీద పడ్డాను. నీకు తెలుసుగా, బళ్ళో నాకు అబ్బింది తక్కువ. మెట్రిక్ తప్పాక మిగతా చదువంతా పకోడీ పొట్లాల కాగితాల మీదే సాగింది. పటం చదవడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని బేర్ సరాయ్ వెళ్ళి, సివిల్స్ పిల్లలు చదివి వదిలేసిన జాగ్రఫీ పుస్తకం ఒకటి కొన్నాను. షాపులో పక్కన నిలబడ్డ కుర్రాడు మన గుంటూరు వైపువాడు, అంకుల్, మీకిది ఎన్నో అటెంప్టండీ అని అడిగాడు. ఇదే ఆఖరిది బాబూ అన్నాను. పాపం, ఆల్ ద బెస్ట్ చెప్పాడు.

మనం అప్పట్లో ఉన్నది కరోల్‌బాగ్‌లో అని నువ్వూ అన్నావు, నేనూ అన్నాను. కాబట్టి కరోల్‌బాగ్ చుట్టుపక్కల వెతికాను. వానాకాలమంతా వెతికాను. మెట్రోలో ముసలాణ్ణని సీటిస్తారు గానీ దిగాక ఎవరూ ఎత్తుకోరు కదా, నడవాలి. నడకంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. అదీ అమ్మ చలవే. నీకీ సంగతి తెలీదు, నువ్వు సంగీతం క్లాసుకి పోయేదానివి, సంచీ మొయ్యడం నా వంతు. మనకి మోతీబాగ్‌లో సొంత క్వార్టరు వచ్చాక, గోల్ మార్కెట్ నుంచి వచ్చే బస్సు తిన్నగా మన ఇంటి ముందు ఆగేది. అమ్మ అందాకా ఆగేది కాదు. ముందు స్టాపులోనే, మురుగు కాలవ, అదే నాలా, దాని వంతెన దగ్గర, నన్ను లాక్కుని దిగిపోయేది. దిగి పంపుహౌసు గోడ మీద కూర్చునేది. మనుషులెవరైనా రోడ్డు వైపు తిరిగి కూర్చుంటారు, వచ్చేపోయేవాళ్ళని చూడ్డానికి. అమ్మ రోడ్డుకి వీపు పెట్టి కూర్చునేది, ఆ మురికి నాలాలో ఏం ఉందో! నేను ఎండలో కాళ్ళు నేలకేసి కొట్టేవాణ్ణి. నడుం నొప్పిరా, ఇక్కడ బండి మీద కాకరకాయలు లేతగా ఉంటాయిరా అనేది. ఆ కాకరకాయలు నువ్వు తినవు, నేను తినను, అమ్మకీ పడవు. వంకాయ రవ్వంత ముదిరితే కంచం తోసేసే నాన్న మాత్రం ఆ చేదుముక్కలన్నీ నోరెత్తకుండా తినేవాడు. సరే, ఎక్కడికో పోయాను.

కరోల్‌బాగ్ వైపు ఏ శ్మశానానికి వెళ్ళినా కట్టెల సంగతే చెప్పారు. పసిపిల్లల్ని పూడ్చే చోటు ఎక్కడుండేదని అడిగితే ఎవరికీ తెలీదు. ఒకాయన నన్ను ఆపాదమస్తకం చూసి, ముందుగానే చూసి పెట్టుకుందామని వచ్చారా అంకుల్‌జీ అన్నాడు, సరుకు చూపించేవాడిలా. ఇంకోచోట గల్లీలో పటం విప్పేసరికి మునిసిపాలిటీవాణ్ణనుకుని జనం పోగయ్యారు. ఒకావిడ కుర్చీ వేసి టీ ఇచ్చి, భయ్యా, మా మెట్లు రోడ్డు మీదకి వచ్చిన సంగతి రాయకండి అని బతిమాలింది. రాయనన్నాను. టీ బాగుంది. ఆ వానాకాలంలో నేను సాధించింది ఆ టీ ఒక్కటే.

మా సొసైటీలో సదాశివరావు గారని డిప్యూటీ సెక్రటరీగా రిటైరైన ఆయన ఉన్నారు. ఆయనకి సూర్యోదయం కూడా ఫైలు మీద సంతకమయ్యాకే జరుగుతుంది. నా గోడు విని, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి మూర్తిగారూ అన్నారు. ఏమని పెట్టనండీ, మా నాన్న మా అమ్మకి చెప్పని సంగతి ప్రభుత్వంవారు నాకు తెలియజేయగోరుతున్నాననా అన్నాను. ఆయన నవ్వలేదు. ఏ శాఖకి పంపాలో ఆలోచిస్తూ లిఫ్టెక్కారు.

పోనీ కదాని ఒక ఆదివారం వాసవి నా పక్కన కూర్చుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీ వస్తుంది. నువ్వు చదివిన బడి ఎక్కడుందో చూపించు తాతా అంది. వినయ్ నగర్‌లో, ఇప్పుడు సరోజినీ నగర్ అంటున్నారు అన్నాను. కరోల్‌బాగ్ నుంచి అక్కడికా, ఇత్‌నీ దూర్, ఆరేళ్ళ బచ్చా, బస్సులోనా అంది. బస్సేమిటే, నడిచే, ఇంట్లో బడిగంట వినబడ్డాక బయల్దేరినా అందేది అన్నాను. అన్నాక గానీ ఆ మాటకి అర్థం నాకే తట్టలేదు.

అక్కయ్యా, మనం అప్పుడు కరోల్‌బాగ్‌లో లేం. అంతకు ముందున్నాం, ఆ తర్వాత మళ్ళీ ఉన్నాం. ఆ ఏడు మాత్రం వినయ్ నగర్‌లో ఉమాశంకర్ గారి సర్కారీ క్వార్టర్లో ముందుగదిలో ఉన్నాం. నాన్నకి క్వార్టరు వరస రాలేదు, ఆయన జాలిపడి చాటుగా సగం ఇచ్చారు. ఆ రోజుల్లో చాలామంది గుమాస్తాలు చేసిన పనే. ఇనస్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకి తెలిస్తే ఆయన క్వార్టరు పోతుంది. అందుకని నాన్న రోజూ భోజనాలయ్యాక మన చేత వల్లె వేయించేవాడు, గుర్తుందా? హమ్ కరోల్‌బాగ్ మేఁ రహతే హైఁ, మిల్‌నే ఆయే హైఁ, శామ్ కో చలే జాయేంగే. మేం కరోల్‌బాగ్ వాళ్ళం, చూడ్డానికొచ్చాం, సాయంత్రం వెళ్ళిపోతాం. ఎక్కాలకంటే గట్టిగా వచ్చేసింది. ఒకసారి టోపీ పెట్టుకున్న మనిషెవరో వచ్చి పక్క క్వార్టరు ఎటని అడిగితే, నేను ఊపిరి తిప్పుకోకుండా మొత్తం అప్పజెప్పాను. పిచ్చిపిల్లాడనుకున్నాడేమో, దారి కూడా తెలుసుకోకుండా వెళ్ళిపోయాడు. నాన్న నేర్పిన అబద్ధం ఇనస్పెక్టరు మీద పనిచేసిందో లేదో గానీ మన మీద బ్రహ్మాండంగా పనిచేసింది. డెబ్భై ఏళ్ళు కావస్తున్నా నువ్వూ నేనూ ఇంకా కరోల్‌బాగ్ వాళ్ళమే అంటున్నాం!

అంతే, మోకాలు మర్చిపోయి లేచాను. పటం నేల మీద పరిచి, భూతద్దం తుడుచుకుని, వినయ్ నగర్ ఉండాల్సిన చోట పెట్టాను. అక్కడ ఒంటె ఉంది.

అవును, ఒంటె. మళ్ళీ అచ్చువేసిన మహానుభావుడు తన దుకాణం పేరు పెద్దక్షరాలతో రాయించి, చుట్టూ పూలతీగ అల్లించి, పక్కన ఒక ఒంటెనీ వెనక ఒక గుమ్మటాన్నీ నిలబెట్టి, ఆ మొత్తం పెట్టె తెచ్చి సరిగ్గా వినయ్ నగర్ నెత్తిన పెట్టాడు. నాలా ఒంటె కడుపు కిందకి వెళ్ళి తోక దగ్గర బయటికొస్తోంది. మధ్యలో ఏముందో ఒంటెకే తెలియాలి.

గురుగ్రామ్ వెళ్ళి నిలదీశాను. మెడలో బిళ్ళ తగిలించుకున్న అబ్బాయి ఎంతో మర్యాదగా, అంకుల్, ఆ మూల ఏమీ లేదు, ఖాళీయే, సర్కారీ క్వార్టర్సే కదా అన్నాడు. ఎర్రకోట మీద ఎందుకు పెట్టలేదయ్యా ఒంటెని అన్నాను. అది అందరూ చూస్తారు కదా అంకుల్ అన్నాడు. మన ఇంటి చరిత్రంటే ఒక క్వార్టరు ఖాళీ చేసి ఇంకో క్వార్టరులో చేరడమే. అవి కూడా ఇప్పుడు పడగొట్టి అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నారు. నేల మీద ఎలాగూ లేదు, కాగితం మీదైనా ఉందనుకుంటే ఒంటె తొక్కింది.

ఒంటె లేని అసలు పటం కాపీ పంపిస్తామన్నారు. పంపలేదు. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే మీ ఫిర్యాదు మాకు ఎంతో విలువైనది అని జవాబొస్తుంది. విలువైనది గనకే దాచిపెట్టుకున్నట్టున్నారు.

ఇక నావల్ల కాదక్కయ్యా. ఏదో ఒక పార్కుకి తీసుకెళ్ళి, వేపచెట్టొకటి చూపించి, ఇదేనని చెప్పేస్తే పోలా అని కూడా అనుకున్నాను. కానీ నీకు మాట వినబడకపోయినా మొహం చూసి పట్టేస్తావు. అందుకని ఆ చోటు కోసమే అయితే ఢిల్లీలో దిగొద్దు. నన్ను చూడ్డానికైతే దిగు. నాన్న ఫోటో సంగతంటావా, నీ ఇల్లు, నీ తలుపు. ఆయన తరఫున వాదిద్దామంటే నా దగ్గర సాక్ష్యం ఒక్కటీ లేదు.

ఒంటె చేతిలో ఓడిపోయిన నీ తమ్ముడు,
రాధాకృష్ణమూర్తి

తా.క. ఈ ఉత్తరం పోస్టు చేస్తానని వాసవి బ్యాగులో వేసుకుని, రోజూ గురుగ్రామ్ తిప్పి, మళ్ళీ నా దగ్గరికే తెచ్చింది. తిడదామని నోరు తెరిస్తే చేతిలో కాగితం చుట్ట పెట్టింది. ఒంటె లేని పటం. ఆఫీసవగానే ఆ దుకాణానికి వెళ్ళి కౌంటరు ముందు కూర్చునేదట, వాళ్ళే విసిగిపోయి ఇచ్చారట. దానికి నీ పోలిక వచ్చింది.

వినయ్ నగర్ అంతా ఉంది. క్వార్టర్ల వరసలు, నా బడి, వెనక నాలా, నాలా మీద వంతెన. వంతెన పక్కన పంపుహౌసు అని ఈగకాలంత అక్షరాలు. పంపుహౌసు వెనక ఒడ్డున చిన్నచిన్న గీతలు. ఆ గీతలేమిటో పటం అంచున ఉన్న గుర్తుల పట్టికలో చూశాను. పసిపిల్లల్ని పూడ్చే స్థలం. ఉమాశంకర్ గారి క్వార్టరు నుంచి నడిచి వెళ్ళే దూరంలో అలాంటి గుర్తు ఇంకోటి లేదు.

పంపుహౌసు అక్కయ్యా. అమ్మ రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్న గోడ.

ఆ చోటు ఇద్దరికే తెలుసు. ఉమాశంకర్ గారు ఆ ఏడే మద్రాసు బదిలీ అయిపోయారు, అందుకే కదా మనం మళ్ళీ కరోల్‌బాగ్ చేరాం. ఇక అమ్మకి చెప్పగలిగినవాడు ఒక్కడే. నువ్వు తలుపు దగ్గర్నుంచి వెళ్ళిపోయాక ఎప్పుడో నాన్న జవాబు చెప్పాడు. చెప్పాడు గనకే, ఆవిడ ఆ స్టాపులో ఎందుకు దిగుతుందో తెలుసు గనకే, కాకరకాయలు ఎందుకు తెచ్చావని ఒక్కనాడూ అడగలేదు. తినేశాడు.

నిన్న వాసవీ నేనూ వెళ్ళొచ్చాం. పంపుహౌసు లేదు. వెనకంతా రేకుల కంచె, లోపల క్రేన్లు. వంతెన పిట్టగోడ మాత్రం ఉంది, ఇద్దరు ముసలివాళ్ళు కూర్చోవచ్చు. వాసవి క్యాబ్ పెడతానంటే వద్దన్నాను. నువ్వు రా, బస్సులోనే వెళదాం.

వచ్చేటప్పుడు ఆ తలుపు వెనక ఫోటో కూడా పట్టుకురా. ఆయన ఒక్కసారైనా ఆ గోడ మీద కూర్చున్నాడో లేదో మనకి తెలీదు కదా.