కొలిచినవారి పేరు

నాచారం,
4 జూన్ 2025, బుధవారం.

చి. ప్రజ్ఞకు నానమ్మ ఆశీస్సులు.

నీ హాస్టలు ఘట్‌కేసర్‌లోనే ఉన్నా ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో అన్న మాటకు తేదీ ఉండదు. రేపు నువ్వు "నేనలా అనలేదు నానమ్మా" అంటే నా దగ్గర రుజువు ఉండదు.

సంగతి నీకు తెలిసిందే, అయినా వరసగా రాస్తాను. మన కాలనీ బావిలో నీళ్లు గట్టు నుంచి ఎంత లోతులో ఉన్నాయో మీ తాతయ్య ఇరవై ఏడేళ్లు రోజూ ఉదయం కొలిచి రిజిస్టరులో రాశారు. ఆయన పోయాక నేను రాస్తున్నాను. బావి ఎండిపోయిందనీ, పూడ్చి కార్లు నిలుపుకుందామనీ అసోసియేషన్ సెక్రటరీ బాలరాజు పట్టుబట్టాడు. రిజిస్టరు చూపిస్తే, "కాగితం మీద ఎవరన్న ఎప్పుడన్న రాసుకోవచ్చు గదమ్మా" అన్నాడు. జూలై 27 ఆదివారం మీటింగు. ఆలోగా మన లెక్క మీద అనుమానం పుడితే బావి పోయినట్టే.

అందుకే కదా నువ్వు వచ్చి, ఎవరు రాశారో ఏ నిమిషంలో రాశారో చెరిగిపోకుండా దాచే ఆ సాధనాన్ని తాతయ్య లాప్‌టాప్‌లో పెట్టి, కమాండ్లు చీటీ మీద రాసిచ్చి వెళ్లావు. మొదటి రోజే అది నన్ను "మీరెవరో దయచేసి చెప్పండి" అని అడిగింది. నా ఇంట్లో, నా బల్ల మీద కూర్చుని, నన్ను! సరే, చీటీ ప్రకారం పేరు, మెయిల్ ఇచ్చాను. తర్వాత ఈ కొలత రాయడానికి కారణం ఏమిటంది. నల్లటి తెర ఒకటి తెరిచింది. ఎడమ పక్కన కిందిదాకా చిన్న చిన్న అలలు. టైపు చేస్తే అక్షరం పడదు, పడింది పోదు, మూయబోతే మూసుకోదు. తలుపు లేని గదిలో నలభై నిమిషాలు ఉన్నాను. చివరికి "ఉదయం కాబట్టి" అని కారణం రాయగలిగాను. ఎలా బయటపడ్డానో నాకు తెలియదు.

అసలు విషయం ఇప్పుడు. నువ్వు చూపించిన వెబ్ పేజీ తెరిచాను. కొలత నేను రాసిందే, 31 అడుగుల 4 అంగుళాలు. సమయం 5:40. పక్కన మాత్రం గంగాధరరావు అని మీ తాతయ్య పేరు, మెరూన్ స్వెటరు వేసుకున్న ఆయన ఫోటో. ఆయన పోయి ఏడాది ఏడు నెలలైంది. తప్పు ఎక్కడుందో వెంటనే తెలియజేయగలవు.

నీ నానమ్మ,
తారామణి

తా.క.: పనికి వచ్చే సారలమ్మ ఆ ఫోటో చూసి లాప్‌టాప్‌కు హారతి ఇచ్చింది. తెర మీద మసి. ఎలా తుడవాలో కూడా రాయి.

ఇంకో తా.క.: ఈ సాధనం పేరు గిట్ అన్నావు. పుట్టడం, గిట్టడం అనే రెండు మాటల్లో వెతికి వెతికి రెండోది పెట్టారా?

*

ఘట్‌కేసర్,
9 జూన్.

నానమ్మా, నమస్కారాలు.

మన మధ్య పదిహేను కిలోమీటర్లు. నీ ఉత్తరం నాలుగు రోజులకు చేరింది. నడిచి వచ్చుంటుంది.

భయపడకు. ఆ నల్ల గది ఒక ఎడిటర్. దాంట్లోంచి బయటికి రాలేక మా క్లాసులో సగం మంది ఇప్పటికీ అందులోనే ఉన్నారు. దాని బదులు నోట్‌ప్యాడ్ తెరుచుకునేలా సెట్టింగ్ కింద రాశాను. ఒక్కసారి కొడితే చాలు.

పేరు సంగతికి వస్తే, ఈ సాధనం పేరును మూడు చోట్ల వెతుకుతుంది. మొత్తం మెషీన్‌కు ఒక పేరు, నీ లాగిన్‌కు ఒక పేరు, ఈ ఫోల్డరుకు ఒక పేరు. మూడూ వేరైతే ఫోల్డరుదే నెగ్గుతుంది. లాప్‌టాప్ తాతయ్యది కదా, ఎక్కడో ఆయన పేరు ఉండిపోయి ఉంటుంది. మూడు చోట్లా చూసే కమాండ్లు వెనక పేజీలో రాశాను. నీ పేరు పెట్టేసెయ్.

నీ
ప్రజ్ఞ

తా.క.: మసికి మెత్తటి తడి గుడ్డ. హారతికి మాత్రం సెట్టింగ్ లేదు.

*

నాచారం,
18 జూన్, బుధవారం.

చి. ప్రజ్ఞకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో "భయపడకు" అన్న మాట అనవసరం. నేను తేదీ వేసి ఫిర్యాదు చేశాను. భయపడేవాళ్లు తేదీ వేయరు.

మూడు చోట్లా చూశాను. మూడు చోట్లా తారామణి అనే ఉంది. చూసిన సమయంతో సహా నోటు పుస్తకంలో రాసుకున్నాను. అయినా పేజీలో రోజూ మెరూన్ స్వెటరే.

ఇంతకంటే పెద్ద విషయం ఉంది. 14న మల్కాజిగిరిలో మా చెల్లెలు సత్యవేణి ఇంటికి వెళ్లి 16 ఉదయం తెల్లవారుతుండగానే వచ్చాను. ఉన్నది రెండు రాత్రులు. 15వ తేదీ గడి ఖాళీగా ఉంటుందనీ, "ఊళ్లో లేను" అని రాయాలనీ పేజీ తెరిచాను. గడి ఖాళీగా లేదు. 15 జూన్, ఉదయం 5:40, 31 అడుగుల 2 అంగుళాలు. కారణం: ఉదయం కాబట్టి. మెరూన్ స్వెటరు.

తాడు తీసుకుని బావి దగ్గరికి వెళ్లి కొలిచాను. 31 అడుగుల 1 అంగుళం. 14న నేను కొలిచింది 31 అడుగుల 3. మధ్యలో 2 వచ్చి తీరాలి. ఎవరో నోటికొచ్చిన అంకె వేయలేదమ్మా, కొలిచే వేశారు.

నిన్న బాలరాజు వచ్చాడు. నువ్వు నోటీసు బోర్డు మీద పెట్టిన లింకు తెరిచి చూశాడట. కుర్చీ చివర కూర్చున్నాడు.

"అమ్మా, గీ లెక్కలు సారే ఏస్తున్నడా?"

"నేను వేస్తున్నాను."

"ఫోటో సార్‌ది ఉన్నది గద. సచ్చిపోయినాయన సంతకం మీటింగుల చెల్లదు. జర సూసుకోన్రి." వాకిట్లో ఆగి, గొంతు తగ్గించి అడిగాడు: "సార్ కాడ నేనొక నిచ్చెన తీస్కున్న. నాలుగేండ్లయింది. అండ్ల గిట్ల దాని ముచ్చట ఏమన్న రాసిండా?"

మీటింగు ఇంకా ముప్పై తొమ్మిది రోజులు ఉంది. సమాధానం త్వరగా రాయి.

తారామణి

తా.క.: నిచ్చెన ఈ ఉదయం మన గోడకు ఆనించి ఉంది.

*

ఘట్‌కేసర్,
23 జూన్.

నానమ్మా,

నీ ఉత్తరం మెస్‌లో చదివాను. 15వ తేదీ దగ్గరికి వచ్చేసరికి కంచం వదిలేసి లేచాను.

మా సీనియర్ నీరజక్కకు చూపించాను. ఆమె ఒకటే ప్రశ్న అడిగింది: "మీ నానమ్మ మెయిల్ ఏం ఇచ్చింది?" ఆ పేజీ మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదట, మెయిల్‌తో. తాతయ్య ఉండగా నేనే ఆయనకు అందులో ఖాతా తెరిచి స్వెటరు ఫోటో పెట్టాను. నువ్వు ఆయన మెయిల్ ఇచ్చి ఉంటే, నువ్వు రాసిన ప్రతిదాని పక్కన ఆయనే కనిపిస్తాడు. నిజం చెప్పు, ఏ మెయిల్ ఇచ్చావు?

కానీ 15వ తేదీకి నీరజక్క దగ్గర కూడా జవాబు లేదు. లాప్‌టాప్ ఇంట్లో, నువ్వు మల్కాజిగిరిలో. తాళం ఎవరి దగ్గరుంది?

ప్రజ్ఞ

తా.క.: నేను కూడా తేదీలు వేస్తున్నాను, గమనించావా? అయినా భయం పోలేదు.

*

నాచారం,
29 జూన్, ఆదివారం.

చి. ప్రజ్ఞకు,

ఏ మెయిల్ అంటే ఏమిటి ప్రశ్న? ఇంటికి ఉన్నది ఒక్కటే మెయిల్. గేటుకు ఒక్కటే ఉత్తరాల డబ్బా ఉన్నట్టు. కరెంటు బిల్లు, పెన్షను కాగితం, పెళ్లిపిలుపు, అన్నీ అందులోకే వస్తాయి. నలభై ఆరేళ్ల కాపురంలో నాకంటూ వేరే డబ్బా కావాలని నాకు తోచలేదు. తోచకపోవడం తప్పని ఒప్పుకుంటున్నాను, తేదీతో సహా.

15వ తేదీ సంగతి కూడా తేలింది. తాళం సారలమ్మ దగ్గర ఉంది. ఎదురుగా నిలబెట్టి అడిగాను. ముందు చీపురుతో మాట్లాడింది, తర్వాత నాతో.

"నేనే ఏసిన అమ్మా. అయ్యకు మోకాలు నొప్పి వెట్టినకాడ్నుంచి తాడు నేనే ఇడుస్తుంటి. నాలుగేండ్లు. నేను జెప్తుంటి, అయ్య రాస్తుండె."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే గద."

"మరి కంప్యూటరులో ఎలా వేశావు?"

"రోజు నీ ఎనకనే నిలవడి ఊడుస్త గద. పైకి బాణం గుర్తు ఒత్తుతవ్, పాత లైను వస్తది, అంకె మారుస్తవ్, పెద్ద బటన్ ఒత్తుతవ్. అంకెలు నాకొస్తయ్. ఒక్కరోజు తప్పితె బాయి అలుగుతదని అయ్య అన్నడు. నువ్వు ఊర్ల లేవు. అలగనిస్తనా?"

అంటే ఆయన రిజిస్టరులో చివరి నాలుగేళ్ల అంకెలు సారలమ్మవి. ఇరవై ఏడేళ్లు అని ఊరంతా చెప్పాను. ఇరవై మూడు అని దిద్దుకున్నాను. మిగతా నాలుగింటి పక్కన ఆమె పేరు రాశాను. కొలిచినవారి పేరు కొలిచినవారికే చెందాలి.

నాకొక మెయిల్ తెరిచాను. సెట్టింగులో మార్చాను. రేపటి నుంచి నా లెక్క నా పేరున వస్తుంది.

తారామణి

తా.క.: సారలమ్మ తనకూ ఒక ఫోటో కావాలంటోంది. పట్టుచీరలోది.

*

ఘట్‌కేసర్,
4 జూలై.

నానమ్మా,

హమ్మయ్య. నీ ఉత్తరం నీరజక్కకు చదివి వినిపిస్తే సారలమ్మను మా డిపార్ట్‌మెంటులో చేర్చుకుందామంది.

ఇంకో పని కూడా చేశాను. మీటింగులో మళ్లీ ఎవరూ మాట అనకుండా తాతయ్య ఖాతా మూసేశాను. ఇక ఆ ఫోటో ఎక్కడా రాదు. పాత లెక్కల పక్కన కూడా బూడిద రంగు తలకాయ బొమ్మ ఒకటి వస్తుంది, అంతే. మూశాక తెరవడం కుదరదు. నిన్ను అడగకుండా చేశాను. సరైనదే కదా?

ప్రజ్ఞ

*

నాచారం,
28 జూలై, సోమవారం.

చి. ప్రజ్ఞకు నానమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. కారణం రాస్తాను. నువ్వు చేసింది సరైనదే. కానీ ఆ బూడిద బొమ్మ వచ్చాక తెలిసింది, నేను ఆ పేజీని రోజుకు రెండుసార్లు తెరుస్తున్నానని. రిజిస్టరుకు ఒక్కసారి చాలు.

నిన్నటి సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మీటింగుకు ముందు అందరి ఎదుట కొలవాలని బాలరాజు అన్నాడు. మంచిదే అన్నాను. లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నాను. ఉదయం 5:35కు బావి దగ్గర నేను, సారలమ్మ, బాలరాజు, ఇంకా ఏడుగురు. వానలు పడ్డాయి కదా, నీళ్లు బాగా పైకి వచ్చాయి. సారలమ్మ తాడు వదిలింది, నేను ముడులు లెక్కపెట్టాను. 24 అడుగుల 3 అంగుళాలు. అందరూ విన్నారు.

అందరం ఇంట్లోకి వచ్చాం. బీరువా తెరిచి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, రాయబోతూ పేజీ తెరిచాను. ఆ రోజు లెక్క అప్పటికే ఉంది. 27 జూలై, ఉదయం 5:40. 24 అడుగుల 4 అంగుళాలు. పక్కన మెరూన్ స్వెటరు.

ముందు తేరుకున్నది బాలరాజే.

"సూసిన్రా? మనం కొల్సింది మూడు, గీడ నాలుగున్నది. లెక్కే తప్పు. మెషీన్ల ఏదో మతలబున్నది."

అప్పుడు కారణం గడి చూశాను. అక్కడ నేను రోజూ రాసే మాట లేదు. ఇలా ఉంది: "తారా, తాడులో ఇరవై నాలుగో ముడి ఒక అంగుళం జారింది. చూసుకో."

పైకి చదివాను. నా గొంతు మామూలుగానే ఉందని సారలమ్మ అంటోంది.

బాలరాజు ఇళ్ల కాంట్రాక్టరు కదా, ఇంటికి పోయి యాభై అడుగుల స్టీలు టేపు తెచ్చాడు. దానికి బరువు కట్టి తనే వదిలాడు, తనే చదివాడు. రెండుసార్లు చదివాడు. 24 అడుగుల 4 అంగుళాలు. తాడు పరిచి చూశాం. ఇరవై నాలుగో ముడి అంగుళం జారి ఉంది.

మీటింగు పది నిమిషాల్లో అయిపోయింది. తీర్మానం బాలరాజే పెట్టాడు. "బాయి ఉండనీయున్రి. దాన్ని పూడ్చుడు నాతోని కాదు. మస్తుగ సూసేటోళ్లున్నరు దానికి." ఎదురు చెప్పినవారు లేరు. బావికి ఇనుప వల వేయించే పని కూడా తనే తీసుకున్నాడు.

సాయంత్రం సెట్టింగులు మూడు చోట్లా చూశాను. పేరు నాది, మెయిల్ నాది. ఉదయమంతా సారలమ్మ నా పక్కనే ఉంది. చెవి నా బొడ్లో ఉంది. ఇది నువ్వు చేసి ఉంటే తేదీతో ఒప్పుకో, కోప్పడను. అయితే ఒకటి చెప్పు, ఘట్‌కేసర్‌లో కూర్చున్నదానికి మన తాడులో ముడి జారిన సంగతి ఎలా తెలుస్తుంది?

ముడి సరిచేశాను. 27వ తేదీకి నా లెక్క వేయలేదు. రోజుకు ఒక్క లెక్కే అన్నది ఆయన పెట్టిన నియమం, ఆ రోజుది సరైన లెక్కే ఉంది. పేపరు రిజిస్టరులో మాత్రం ఇలా రాశాను: "తారామణి కొలత తప్పు. దిద్దినవారు: గంగాధరరావు." కింద సంతకం పెట్టాను. నలభై ఆరేళ్లలో ఆయన నా తప్పు పట్టడం ఇదే మొదటిసారి.

ఆశీస్సులతో,
తారామణి

తా.క.: నువ్వు దసరా సెలవులకు వచ్చినప్పుడు లాప్‌టాప్ తెర తుడువు, కొత్త బ్యాటరీ వేయించు. సెట్టింగులు మాత్రం ముట్టుకోకు. రాత్రి వాన లేదు, సారలమ్మ ఇంకా రాలేదు; ఈ ఉదయం 5:40కి నేను కొలవడానికి తీసేసరికి తాడు అప్పటికే తడిసి ఉంది.