మేనత్తల జబ్బు మనది కాదనుకున్నాం

భివండి

చెల్లె యాదమ్మను మీ అక్క సత్తెమ్మ దీవించి రాసేది. నువ్వూ, మరిదీ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. బాపు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వేరుగా మడిచిన కాగితాన్ని ఎప్పటిలాగే ఆయన ముందు పైకి చదువు. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

ఇక్కడ వానలు వదలడం లేదు. బట్టలు ఆరవు, మరమగ్గాల చప్పుడు ఆగదు. మీ బావ రెండు పూటలా పనిలోనే ఉంటున్నాడు. నేను మగ్గాలకు నూలు కండెలు చుట్టడం మానేసి నెలైంది. కుడిచెయ్యి లేవడం లేదు. జ్వరమని రాశాను కదా, అది అబద్ధం. నా రొమ్ములో గడ్డ ఉంది. చంకలోకి కూడా పాకింది. బొంబాయిలో చూపించుకుంటే చాలా ఆలస్యంగా వచ్చావన్నది డాక్టరమ్మ.

మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. ఎవ్వరికీ లేదని ధీమాగా చెప్పాను. తోడు వచ్చిన మన రామన్నపేట లక్ష్మి ఊరుకోలేదు.

"మరి మీ మేనత్తలిద్దరు దేంతోని పోయిన్రే?"

"వాళ్లు మా ఇంటోళ్లు కాదు గద! ఒకామె చౌటుప్పలోళ్ల మనిషి, ఒకామె దేవరకొండోళ్ల మనిషి."

లక్ష్మి ఆ మాట హిందీలో చెప్పేసరికి డాక్టరమ్మ రాయడం ఆపి నా ముఖం చూసింది.

నిజంగా అలాగే అనుకున్నాం కదే! పెళ్లితో ఇంటిపేరు మారింది, వాళ్ల చావులూ అత్తింటివే అయ్యాయి. పెద్దత్త పోతే ఆ ఇంటి దేవతకు కోపమొచ్చిందన్నాం. చిన్నత్త పోతే, సరిగా చూసుకోలేదని బాపు దేవరకొండ వాళ్ల గడప తొక్కడమే మానేశాడు.

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో రక్తంలోనే దిగివస్తుందట. తండ్రి వైపు నుంచి కూడా వస్తుందట. ఆయనకు ఏమీ కాకుండానే ఆడపిల్లలకు అందవచ్చట. అందరికీ రాదు కానీ, మనలాంటి ఇళ్లలో ఆడవాళ్లు ముందే చూపించుకోవాలట. బాపుకు ఎలా చెప్పను? చెల్లెళ్లిద్దరినీ ఎత్తుకుని పెంచిన మనిషి. ఏ తప్పూ చేయకపోయినా, నా బిడ్డకు నేనే తెచ్చిపెట్టానని కుమిలిపోతాడు.

నాకు ఆశ లేదు యాదమ్మా. ఎవరు ధైర్యం చెప్పినా చెవికెక్కడం లేదు. నా రజితకు పన్నెండేళ్లు. నా చెయ్యి లేవక జడ తనే వేసుకుంటోంది. దానికి నేనేం ఇచ్చానో తెలియక ఏడుపొస్తోంది.

ఎండు చింతచిగురు పంపుతానన్నావు, వద్దు. ఏం తిన్నా చేదే. ముందు నువ్వు హైదరాబాద్ దవాఖానకు పో. మరిది ఏమన్నా సరే, సిగ్గుపడకుండా పో.

బాపుకు, మీ అత్తమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. అందరం బాగున్నామని ఆ కాగితంలో రాశాను, చదివేటప్పుడు గొంతు వణకనీయకు.

రొమ్ములో శనగగింజంత గట్టిగా తగులుతోందని, నొప్పి లేదు కాబట్టి ఫికర్ లేదని పోయిన ఉత్తరంలో రాశావు. నాకూ మొదట్లో నొప్పి లేదే.

నీ అక్క
సత్తెమ్మ