అంటు కట్టే క్లాసు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుటికి సంవత్సరం. ఉద్దనపల్లిలో అమ్మ నీ పటానికి రోజామాల వేసుంటుంది. నేను పోలేకపోయినాను. యూనివర్సిటీలో క్లాసు ఉండె. వినే క్లాసు కాదు, నేను చెప్పే క్లాసు.

పై చదువుకు నాకు అసిస్టెంట్‌షిప్ వచ్చింది. ఫీజు కట్టే పన్లేదు, నెలనెలా జీతం కూడా ఇస్తారు. దానికి బదులు నేను జూనియర్లకు ల్యాబులో పని నేర్పాల. "చదివేవాళ్లకు ఎదురు జీతమిస్తారా? ఎవురో నిన్ను ఏమారుస్తా ఉండారమ్మా" అని, ఇట్లాంటిది ఉంటుందని నేను అప్పుడు చెప్తే నువ్వు నవ్వినావు కదా. నిజంగానే ఇస్తారు నాయనా.

ఈ పొద్దు మొదటి పాఠం, రోజాకు అంటు కట్టేది. కొమ్మ మింద నుంచి చిగురు కన్ను కోసి, అలవాటుగా పెదాల మధ్య పెట్టుకున్నాను. పిల్లోళ్లంతా గొల్లుమని నవ్వినారు. వెనకాల ప్రొఫెసరమ్మ నిలబడి చూస్తా ఉంది. నేను తడబడలేదు. అంటు కట్టి, ముడి వేసినాకనే మాట్లాడినాను.

"తడి ఆరితే కన్ను పట్టదప్పా. రోజా తోటల్లో మా నాయన ముప్పై ఏండ్లు ఇట్లే కట్టినాడు."

ప్రొఫెసరమ్మ ముందుకొచ్చి, తానూ ఒక కన్ను కోసి పెదాల మధ్య పెట్టుకునింది. ఆ తర్వాత ఒక్కరూ నవ్వలేదు.

ల్యాబ్ రికార్డులో, పద్ధతి ఏ పుస్తకం నుంచి తీసుకున్నామో రాసే గడి ఉంటుంది. "ఆడ ఏం రాయాలక్కా?" అని అడిగినారు.

బోర్డు మింద పెద్దగా రాసినాను: మునిరాజప్ప, ఉద్దనపల్లి.

అందరూ చూసి రాసుకున్నారు.