జర ఆగుండ్రి

నవంబరు 10, సోమవారం. ఉదయం.

నిర్ణయం తీసుకున్నాను. ముంగిలి పరీక్ష ఈ వారంలో పూర్తి చేస్తాను.

ముంగిలి అంటే వాకిలి కాదు. ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటర్‌లో కొత్తగా ఎక్కించాక, అది మొట్టమొదటిసారి మేల్కొన్నప్పుడు కొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఏ భాష, ఏ కీబోర్డు, ఏ ఊరు, ఏ పేరు, ఏ పాస్‌వర్డు. తర్వాత మనల్ని కాసేపు ఆగమని తనను తాను సర్దుకుంటుంది. ఈ స్క్రీన్‌లన్నీ తెలుగులో సరిగ్గా వస్తున్నాయని ఒకరు మొదటి నుంచి చివరి దాకా చూసి రిపోర్టు పంపాలి. గడువు పద్దెనిమిదో తేదీ. పంపకపోతే ఈసారి విడుదలలో ఆ ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఉంటాయి.

వాటిని తెలుగు చేసింది మహిమ. నా భార్య. బడిలో తెలుగు టీచరు. సాయంత్రాలు కూర్చుని ఒక్కో వాక్యం రాసింది. మార్చిలో పోయింది. పరీక్ష నాకు మిగిలింది.

నియమాలు:

ఒకటి. "దాటవేయి" అనే బటన్ ముట్టను.

రెండు. ప్రతి వాక్యం పైకి చదువుతాను.

మూడు. ఒకే ఇన్‌స్టాలేషన్, ఒకే రిపోర్టు. ఆ తర్వాత కంప్యూటర్‌ను అందరిలా వాడుకుంటాను. పెన్షన్ ఆఫీసుకు నేను బతికున్నట్టు పత్రం పంపాలి. మొదట అది.

పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ణి. ఒక పూట పని!

అదే రోజు, సాయంత్రం.

ఒక పూటలో కాలేదు.

పాస్‌వర్డు తెలుగులో పెట్టాను. "చింతచిగురు". ఎవరూ ఊహించలేరని సంతోషించాను. తీరా లోపలికి వెళ్లబోతే ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. ఏది కొట్టినా చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఆ సంగతి చాలాసేపు తెలియలేదు. చింతచిగురును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా కొట్టినా తలుపు తీయలేదు. నా కంప్యూటర్‌కు నేనే పరాయివాణ్ణి.

ఇది ఓటమి కాదు. బగ్ దొరికింది. పరీక్ష ఉద్దేశమే అది. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి.

మూడో నియమం రేపటి నుంచి అమలు.

ఇంకొకటి. మధ్యలో ఆగమనే స్క్రీన్ వచ్చింది. దాని మీద "జర ఆగుండ్రి" అని ఉంది. ఆగాను.

నవంబరు 11, మంగళవారం.

ఈరోజు పాస్‌వర్డు ఇంగ్లీషులో. తెలివి వచ్చింది!

ఊరి దగ్గర పటం వచ్చింది. ఆదిలాబాద్ మీద నొక్కాను. గుర్తు ఎగిరి నాగ్‌పూర్ మీద వాలింది. మళ్లీ నొక్కాను. మళ్లీ నాగ్‌పూర్. సరే, తర్వాత మార్చుకోవచ్చని ముందుకు పోయాను. చివరి స్క్రీన్‌లో "మీ ఊరు: నాగ్‌పూర్" అని ఖాయం చేసి చూపించింది.

అప్పుడే గులాం నబీ వచ్చాడు. మా వీధి చివర గడియారాల దుకాణం అతనిది. రోజూ చాయ్ ఇక్కడే. భుజం మీది నుంచి తొంగి చూశాడు.

"ఏంది సార్, జెప్పకుంట నాగ్‌పూర్ పోయిండ్రా?"

"నేను పోలే. అదే పంపింది."

"మంచి కాడికే పంపింది తియ్యుండ్రి. సంత్రాలు సస్తగ దొరుకుతయ్."

"ఆదిలాబాద్ అని రావాలె నబీ భాయ్."

"మన బజార్ల సగం మంది మరాఠీ మాట్లాడ్తరు. దానికెట్ల ఎరుక, పాపం?"

రెండో బగ్. ఇది కూడా విజయమే. కానీ ఈ కంప్యూటర్ నుంచి పత్రం పంపితే నేను నాగ్‌పూర్‌లో బతికున్నట్టు అవుతుంది. మళ్లీ ఎక్కించాలి.

నవంబరు 12, బుధవారం.

రెండో నియమం సడలించాను. గొంతు నొప్పి. చలి మొదలైంది. మనసులో చదివినా చదివినట్టే.

పదకొండింటికి కరెంటు పోయింది. ఈ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. సరిగ్గా ఆగమనే స్క్రీన్ మీద ఉండగా నల్లబడింది. తప్పు నాది కాదు. కరెంటుది.

మధ్యాహ్నం మళ్లీ ఎక్కించాను. ఆ వాక్యం కింద చిన్న చక్రం తిరుగుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపు వాక్యం ఉంటుంది. తర్వాత పోతుంది.

చూస్తూ కూర్చున్నాను. రిపోర్టు రాయడం మరిచిపోయాను.

నవంబరు 13, గురువారం.

కరీంనగర్ నుంచి అలేఖ్య ఫోన్. తెలుగు స్క్రీన్‌ల పనంతా చూసేది ఆ అమ్మాయే. మహిమ దగ్గర చదువుకుంది.

"సార్, రిపోర్టు ఇంక రాలే. నాకు ఫికర్ అయితుంది."

"రెండు బగ్గులు చెప్పిన గద. ఇంకా చూస్తున్న."

"అవి సరిజేసి కొత్త ఫైలు పంపిన సార్. ఇంకో ముచ్చట..." కాసేపు నసిగింది. "ఒక్క కాడ 'జర ఆగుండ్రి' అని ఉన్నది. సమీక్ష చేసేటోళ్లు అడుగుతున్నరు. మిగిలినయన్ని మేడమ్ మంచి పుస్తకం భాషల రాసిండ్రు. గిదొక్కటే గిట్లున్నది. 'దయచేసి వేచి ఉండండి' అని మారుద్దమా? మీరు సరే అంటేనే."

"పరీక్ష పూర్తి కానియ్యి" అన్నాను.

అది ఎలా వచ్చిందో నాకు తెలుసు. నిరుడు ఒక గురువారం. చర్చివాళ్ల ఇంట్లో కుటుంబ ప్రార్థనకు వెళ్లాలి. నేను మా గేటు బయట స్కూటర్ మీద ఉండి హారన్ కొడుతున్నాను. ఆమె లోపల సరిగ్గా ఈ వాక్యం దగ్గర ఉంది. "జర ఆగుండ్రి, వస్తున్న!" అని నోరు అన్నది. వేళ్లు అదే కొట్టాయి. స్కూటర్ వెనక కూర్చుని దారి పొడుగునా నవ్వింది. "ఏం రాసిన్నో ఎరుకేనా? పొద్దుగాల మారుస్త" అంది.

మార్చలేదు.

ఆ తప్పులో హారన్ నాది.

నవంబరు 14, శుక్రవారం.

ఈరోజు ఏ అడ్డంకీ లేదు. కొత్త ఫైలు. ఊరు ఆదిలాబాదే వచ్చింది. కరెంటు ఉంది. చక్రం తిరిగింది, వాక్యం పోయింది, చివరి స్క్రీన్ వచ్చింది. "అంతా సిద్ధం. మొదలుపెట్టండి."

నొక్కలేదు. కారణాలు:

కళ్లద్దాలు తుడవలేదు.

అక్షరాల సైజు సరిగా గమనించలేదు.

"సిద్ధం"లో ఒత్తు కొంచెం కిందికి జారినట్టుంది.

ప్లగ్గు తీసేసి మళ్లీ ఎక్కించాను. సాయంత్రం ఇంకోసారి.

ఒత్తు సరిగానే ఉంది.

నవంబరు 15, శనివారం.

నబీకి దొరికిపోయాను.

"ఏంది సార్, రోజు గదే ప్రశ్న, గదే జవాబు! నీ పేరేంది అని అదడుగుతది, వెస్లీ అని మీరు చెప్తరు. తెల్లారేసరికి మర్శిపోతది. మతిమరుపు దానికా, మీకా?"

"ఇది పరీక్ష."

"నేను గడియారం బాగు జేసినంక మల్ల ఇప్పుతనా? నడిస్తె చాలని ఇచ్చేస్త."

స్క్రీన్ మీద చక్రం తిరుగుతోంది. అతను కళ్లు చికిలించి చదివాడు.

"గిది టీచరమ్మ మాటనే."

"ఊఁ."

"రేపు తెరిస్తె గిది రాదా?"

"రాదు. మొదటిసారి ఒక్కటే. మల్ల రావాలంటే మల్ల ఎక్కియ్యాలె."

నబీ చాయ్ తాగాడు. చాలాసేపు తాగాడు.

"చక్కెర జర ఎక్కువైంది సార్" అన్నాడు.

నవంబరు 16, ఆదివారం.

చర్చి నుంచి వచ్చాను. నియమాల పరిస్థితి:

పైకి చదవడం: ఒక్క వాక్యమే చదువుతున్నాను.

ఒకే ఇన్‌స్టాలేషన్: ఈ మాట ఎవరికీ చెప్పకూడదు.

రిపోర్టు: ఖాళీ.

బతికున్నట్టు పత్రం: పంపలేదు.

"దాటవేయి" బటన్: ముట్టలేదు. ఇదొక్కటీ నిలబడింది. దాటడం చేతకాకనే ఇదంతా.

అన్నం మాడింది. చక్రం చూస్తుంటే వాసన తెలియలేదు.

నవంబరు 17, సోమవారం.

అలేఖ్య మార్చిన ఫైలు కూడా పంపింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడమంది. రేపే గడువు.

నా కళ్లతో చూస్తే న్యాయం జరగదు. బయటి మనిషి కావాలి. నబీని కూర్చోబెట్టాను. అతను కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు. పరీక్షకు ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

మొదట మార్చిన ఫైలు. పేరు: గులాం నబీ. పాస్‌వర్డు చెప్పనన్నాడు. చక్రం వచ్చింది.

"దయచేసి వేచి ఉండండి." మెల్లగా కూడబలుక్కున్నాడు. "ఏమంటుంది సార్? నేను దయ చెయ్యాల్నా? ఎవల మీద?"

నేను మాట్లాడలేదు. సాయం చేయకూడదు.

"వేచి అంటే? వేపుడా?"

మాట్లాడలేదు.

"గిది బందయినట్టున్నది" అని పవర్ బటన్ నొక్కేశాడు. అంతా పోయింది. మళ్లీ ఎక్కించాను. ఈసారి ఇష్టం లేకుండా. నిజంగా!

రెండోది మహిమ ఫైలు. మళ్లీ పేరు, మళ్లీ రహస్యంగా పాస్‌వర్డు. చక్రం వచ్చింది. నబీ వేలు బటన్ వైపు లేచింది. చదివాడు. వేలు వెనక్కి వచ్చి ఒళ్లో పడింది.

"ఆగిన తియ్యి టీచరమ్మా" అన్నాడు.

స్క్రీన్‌తో. అలవాటు చొప్పున. అతని పిల్లలు ముగ్గురూ మహిమ బళ్లోనే చదివారు. బడి విడిచే వేళ గేటు దగ్గర తోసుకునే తండ్రులతో ఆమె ఈ మాటే అనేది.

చక్రం ఆగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"మొదలుపెట్టండి" వచ్చింది.

"నేను నొక్క సార్. మీరే నొక్కుండ్రి" అన్నాడు.

నొక్కాను.

నవంబరు 18, మంగళవారం.

రిపోర్టు ఫోన్‌లోంచే పంపాను. "భాష ప్రామాణికంగా ఉందా?" అన్న ప్రశ్నకు ఇలా రాశాను:

"ఒక వాక్యం ప్రామాణికం కాదు. అయితే ప్రామాణిక వాక్యం చూసి మనిషి కంప్యూటర్ ఆపేశాడు. ఈ వాక్యం చూసి ఆగాడు. ఆగమని చెప్పడమే ఆ స్క్రీన్ పని కాబట్టి ఉంచాలని నా సిఫారసు. గమనిక: రాసినామె నా భార్య. కనుక నా మాట ఒక్కటే నమ్మవద్దు."

సాయంత్రం అలేఖ్య ఫోన్.

"ఉంచుతున్నం సార్! కాని గీ విడుదల వరకే. వచ్చేదాంట్ల ఉండాలంటె ఇంకింత మందితోని చూపియ్యాలంట. వేరే వేరే కంప్యూటర్ల మీద. మీకు పరేషాన్ గాదు గద?"

"చూద్దాం" అన్నాను.

నవంబరు 19, బుధవారం.

కంప్యూటర్ తెరిచాను. నేరుగా తెరుచుకుంది. "నమస్కారం, గులాం నబీ" అంది. పాస్‌వర్డు కోసం దుకాణం దాకా నడిచి వెళ్లి అడగాల్సి వచ్చింది. అతని భార్య పేరట. చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు.

ఎక్కడా ఆగమనలేదు.

బతికున్నట్టు పత్రం పంపాను. ఆమోదించారు. గులాం నబీ కంప్యూటర్ నుంచి వెస్లీ బతికున్నాడు.

ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక ముట్టను. పని అయిపోయింది.

రోజు పొడుగ్గా ఉంది.

నవంబరు 20, గురువారం.

ముట్టలేదు.

తాళంచెవి ఎక్కడ పెట్టానో మాత్రం గుర్తుంది.

నవంబరు 21, శుక్రవారం.

పొద్దున్నే గేటు ముందు ఆటో. అందులో నబీ, అతని భార్య షాజాదీ బేగం, ఇద్దరి మధ్య దుప్పటి చుట్టిన పాత కంప్యూటర్. ఎవరో దుకాణం మూసేస్తూ ఇచ్చేశారట.

"సార్, గీ డబ్బల గూడ టీచరమ్మను ఎక్కియ్యుండ్రి!" అని ఆటోలోంచే అరిచాడు.

"నాలుగు రోజుల సంది ఒక్కటే ముచ్చట అన్నా, చెవులు పోతున్నయ్" అంది షాజాదీ బేగం. "పేరు నాది పెట్టాలె. గీయనది వద్దు."

కొత్త నిర్ణయం. ఈసారి పకడ్బందీగా.

ఒకటి. "దాటవేయి" ముట్టను.

రెండు. ప్రతి వాక్యం పైకి చదివిస్తాను. షాజాదీ బేగంతో.

మూడు. ఒకే ఇన్‌స్టాలేషన్. ఒక్కో కంప్యూటర్‌కు.

బీరువా తాళంచెవి పెట్టిన చోట లేదు. అల్మరాలో లేదు. బైబిలు వెనక చూస్తున్నాను. బయట ఆటోవాడు హారన్ మొదలుపెట్టాడు. ఆపకుండా కొడుతున్నాడు.

"సార్! జల్ది రాండ్రి, దుకాణం తెరువాలె!" నబీ.

"జర ఆగుండ్రి, వస్తున్న!" అన్నాను.

హారన్ ఆగిపోయింది.