బఫర్ బరువు, నాన్న భుజం

ఉత్తర డకోటా
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

తమ్ముడు కర్ట్‌కి అక్క మార్లిస్ ఆశీస్సులు.

ఫోనులో చెప్పే సంగతి కాదు. మా ఇంట్లో ఫోను మోగినా నాన్నే వచ్చి స్పీకరు నొక్కి, అమ్మను కూడా పిలుస్తాడు. అందుకే ఉత్తరం.

నిన్న పొద్దున కూడా అన్ని శనివారాల్లాగే మొదలైంది. ప్రార్థన ముగించి కిటికీ తెర తీశాను. రోడ్డవతల అమ్మావాళ్ల వాకిట్లో నాన్న పికప్ బండి పొగ వదులుతూ వేడెక్కుతోంది. అమ్మ ఫ్లాస్కులో కాఫీ పోసి, గుడ్డు శాండ్‌విచ్‌లు మైనపు కాగితంలో చుట్టి నా ఒళ్లో పెట్టింది. "మీ నాన్న టోపీ చెవులు దించుకోడు, నువ్వే దించు" అంది. షూటింగ్ క్లబ్బు గేటు తాళం చలికి బిగుసుకుపోతే నాన్న ఊది ఊది తెరిచాడు. చాప పరిచి, బోర్లా పడుకుని, రైఫిల్ భుజానికి ఆనించాడు. పక్కన కూర్చుని గుండు ఎక్కడ పడిందో దుర్భిణిలో చూసి చెప్పడం నా పని.

మొదటి గుండు నల్లచుక్క నడిమధ్యన పడింది. రెండోసారి నొక్కితే 'టిక్' అంది, అంతే. లోపల గుండు లేదు. పేలిన మొదటి గుండు ఇత్తడి గుల్ల, ఎప్పుడూ కుడిపక్కకి ఎగిరిపోయేది, నీరసంగా జారి ఆయన మోచేతి దగ్గర పడి ఉంది. చేత్తో లాగి మళ్లీ గుండు ఎక్కించాడు. మళ్లీ అదే తంతు.

నాన్న తొడుగులు తీసి చేతులు చూసుకున్నాడు. "వెనక మనిషి గట్టిగా ఉంటేనే తుపాకీ పని చేస్తుంది, పెద్దమ్మాయ్. మనిషే వదులైపోయాడు" అన్నాడు. కాఫీ ముట్టలేదు. ఇంటికొచ్చి రైఫిల్ పెట్టెమీద నీ పేరు రాసిన టేపు అంటించాడు. పికప్ తాళాలు నా వంటింటి కొక్కేనికి తగిలించాడు. ఏప్రిల్ పోటీకి పేరివ్వడట.

నువ్వు యంత్రాల మనిషివి. ఈ జబ్బు చేతులదా, తుపాకీదా?

అక్క
మార్లిస్

తా.క. తాళాలు ఇచ్చేశాడు గానీ, చలికి బ్యాటరీ చచ్చిపోతుందని గంటగంటకీ వచ్చి బండి స్టార్ట్ చేసి పోతున్నాడు.


ఫార్గో
బుధవారం

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి ఒక ట్రాక్టరు ఫిల్టరు తీసుకెళ్లి ఇంకో ట్రాక్టరుకు బిగించాను. మా మేస్త్రీ ఇంకా తిడుతూనే ఉన్నాడు.

చేతులని అప్పుడే అనుకోకు. గుండు పేలినప్పుడు పుట్టే గాలి బోల్టును, అంటే గుల్లను బయటికి లాగి కొత్త గుండు ఎక్కించే ఇనప ముక్కను, వెనక్కి తోస్తుంది. వెనక గొట్టంలో స్ప్రింగూ, దాని ముందు బఫర్ అనే బరువు దిమ్మా కాచుకుని ఉంటాయి. బోల్టు పూర్తిగా వెనక్కి పోయి, తిరిగి వచ్చేటప్పుడు కింది గుండును తోసుకుని రావాలి. సగం దారిలోనే వెనుదిరిగితే ఉత్త చేతులతో వస్తుంది. బఫర్ మరీ తేలికైతే బోల్టు దడాల్న వెనక్కి కొట్టుకుంటుంది, ఆ దెబ్బ తినేది భుజమే. మరీ బరువైతే బోల్టు సగం దారిలోనే ఆయాసపడుతుంది. స్ప్రింగు సంగతీ అంతే. ముసలిదైతే కుంగుతుంది, మరీ బిరుసైతే బోల్టును రానివ్వదు. లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకుని, విప్పి స్ప్రింగు ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు
కర్ట్

తా.క. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి వచ్చినప్పుడు నాన్న భుజం కమిలి నీలంగా ఉంది. ఆయన కునుకు తీస్తుంటే పాత బఫర్ తీసేసి బరువైనది పెట్టాను. అంగట్లో కొన్న గుండ్లు ఒక పెట్టెడు కాల్చి చూశాను, గుల్లలు చక్కగా ఎగిరాయి. కాబట్టి నా తప్పేమీ లేదు. ఆయనకు మాత్రం చెప్పకు.


సోమవారం

తమ్ముడు కర్ట్‌కి,

విప్పాను. స్ప్రింగు ముసలిది కాదు, సరికొత్తది, తళతళలాడుతోంది. తీగ లావుగా ఉంది. బొటనవేలితో నొక్కితే గోరు నొప్పెట్టింది.

"స్ప్రింగు ఎప్పుడు మార్చావు నాన్నా?" అని మెల్లిగా అడిగాను.

"మార్చడమేంటి? కొన్ననాటిదే అది."

"బాగా గుర్తు తెచ్చుకో."

"నాకు గుర్తు లేకపోవడమేంటే!" అని కసిరాడు.

తన చేత్తో చేసిన పని ఆయనకు గుర్తు లేదు. చేతుల గురించి భయపడ్డాను. ఇప్పుడు జ్ఞాపకం గురించి కూడా. ఈ మాటలు విని అమ్మ గబగబా వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది, కడిగి బోర్లించినవే. ఆమెకూ అర్థమైనట్టుంది.

ఏం చేద్దాం?

అక్క

తా.క. నాన్న జ్ఞాపకశక్తి కోసం మోకరించి ప్రార్థించాను. లేచాక నా కళ్లద్దాలు కనిపించలేదు. ఇల్లంతా వెతికాను. నాన్నే వచ్చి నా తలమీంచి తీసి ఇచ్చాడు.


గురువారం

అక్కయ్యకి,

రాత్రి నిద్ర లేదు. ఇక్కడ పెద్దవాళ్లను చూసుకునే ఇల్లొకటి ఉంటే వెళ్లి చూశాను. దాని కరపత్రం ఇందులో పెట్టాను. గదులు వెచ్చగా ఉన్నాయి, కిటికీలోంచి నది కనిపిస్తుంది, బుధవారాలు అంకెల ఆట బింగో ఆడిస్తారు. తుపాకులు ఉండనివ్వరు. అమ్మనీ నాన్ననీ విడదీయరట. శనివారం వస్తాను, నలుగురం కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా అది వాళ్ల కంట పడనివ్వకు.

కర్ట్

తా.క. ఎవరికోసమో చెప్పేలోపే నాకు గది చూపించి, మంచం సరిపోతుందా అని అడిగారు.


శనివారం, రాత్రి భోజనాలయ్యాక

తమ్ముడు కర్ట్‌కి,

మంచు తుఫానుకి హైవే మూసేశారని, అందుకే రాలేకపోయావని తెలిసింది. దేవుడికి స్తోత్రం. వచ్చి ఉంటే అమ్మ నిన్ను గుమ్మంలోనే నిలబెట్టేది.

నీ కరపత్రం కీర్తనల పుస్తకంలో దాచాను. ఆ పుస్తకం కోసమే నాన్న వచ్చాడు. చదివి, తలుపు వేసి, నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మ సంగతి నీకూ తెలిసిపోయిందన్నమాట" అన్నాడు.

అమ్మ సంగతేమిటో నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే రోడ్డు దాటి వెళ్లాడు, నేను వెనకాలే పరిగెత్తి చేరేసరికి అమ్మ చేయి పట్టుకుని ఉన్నాడు. "ఆర్డిస్, కడిగిన గిన్నెలే కడుగు, ఏమైనా మరిచిపో, నేను గుర్తుచేస్తాను. నిన్ను ఎక్కడికీ పంపను."

అమ్మ ఆయన చేతిలోని కాగితం లాక్కుని బింగో దాకా చదివింది.

"నన్నక్కడ పడేస్తారా? ఒక్క స్ప్రింగు మార్చినందుకా ఓర్విల్?"

అలా బయటపడింది. నాన్న కమిలిన భుజానికి మందు రాసేది ఆమే కదా. బిరుసు స్ప్రింగైతే దెబ్బ తగ్గుతుందని కేటలాగులో చూసి తెప్పించింది. ఆ శనివారానికి ముందురోజే, నాన్న వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే మార్చేసిందట. రైఫిల్ మొరాయించాక చెప్పడానికి భయపడింది.

నేను నీ బఫర్ సంగతి చెప్పేశాను. క్షమించు. అమ్మ మీదికి రాబోయే నాన్న ఉగ్రతలో కొంచెం నీవైపు మళ్లితే బాగుండుననిపించింది.

నాన్న అరవలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "గుండ్లలో మందు తగ్గించాను" అని గొణిగాడు. గుండ్లు తానే తయారుచేసుకుంటాడు కదా, ఆకురాలే కాలం నుంచీ ఆ తయారీ పుస్తకంలో రాసిన అతి తక్కువ కొలతే పోస్తున్నాడట. "భుజం అంత నొప్పెడుతోందని తెలిస్తే మీరంతా మాన్పిస్తారని..."

తోసే గాలి తగ్గింది, తోయాల్సిన బరువు పెరిగింది, ఎదురు తన్నే స్ప్రింగు బిరుసెక్కింది. ముగ్గురూ ఒక్క భుజం మీదే జాలిపడ్డారు. బోల్టు మీద ఎవరికీ జాలి కలగలేదు.

అమ్మ గుండీల డబ్బాలోంచి పాత స్ప్రింగు తీసిచ్చింది. తుఫాను తగ్గాక కొట్టం వెనక మట్టిగట్టు దగ్గర కాల్చాం. నీ బఫర్ అలాగే ఉంచి, పాత స్ప్రింగు వేసి, మందు తగ్గించకముందు చేసిన పాత కొలత గుండ్లు పెట్టాం. పెట్టెలో ఉన్నన్నీ ఆగకుండా పేలాయి. మొదటి గుల్ల ఎగిరొచ్చి నా టోపీకి తగిలింది. అంత తీయని దెబ్బ నేను ఎన్నడూ తినలేదు. నాన్న చాపమీంచి లేవకుండానే "పెద్దమ్మాయ్, నా తాళాలు" అన్నాడు.

భోజనాల దగ్గర నిర్ణయించినది ఇది. నీ బఫర్ ఉంటుంది, అమ్మ స్ప్రింగు గుండీల డబ్బాలోకి పోతుంది. నాన్న ఏప్రిల్ పోటీకి వెళ్తాడు. భుజం నొప్పెడితే నొప్పని చెబుతాడు. ఇకమీదట ఆ రైఫిల్ విప్పేవాళ్లు ముందుగా భోజనం బల్ల దగ్గర, ప్రార్థన అయ్యాక, అందరి ముందూ చెప్పాలి. పెట్టెమీది టేపు నాన్నే ఊడదీసి, నీ కరపత్రంలో గది బొమ్మమీద అంటించాడు. ఇందులో పెట్టి పంపుతున్నాను.

అక్క
మార్లిస్

తా.క. అక్టోబరులో నాన్న కోటు భుజంలో నేను కుట్టిన మెత్త గురించి ఎవరూ అడగలేదు. నువ్వూ అడగకు.